మందుల సంగతి పెళ్లివారికి చెప్పాలా?

"ముందు పెళ్లి కానివ్వండి, ఆ తర్వాత అదే సర్దుకుంటుంది." బైపోలార్, స్కిజోఫ్రేనియా లాంటి మానసిక జబ్బులకు మందులు వాడుతున్న పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో ఈ సలహా ఇచ్చే చుట్టం ఒకరైనా ఉంటారు. దాని వెనకే ఇంకోటి: "మందుల సంగతి మాత్రం ఎత్తకండి, తెలిస్తే పెళ్లే చెల్లదు." వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను. చట్టం చెప్పేది దాదాపు దీనికి తలకిందులు.

[తెరపై: హిందూ వివాహ చట్టం, 1955]

5వ సెక్షన్ చూడండి. మానసిక జబ్బు ఉంటే పెళ్లి చేసుకోకూడదని అందులో లేదు. సమ్మతి చెప్పలేని స్థితిలో ఉండకూడదు, జబ్బు సంసారానికి, పిల్లల్ని కనడానికి పనికిరానంత తీవ్రంగా ఉండకూడదు, పదేపదే మతి తప్పుతూ ఉండకూడదు. అంతే. మూర్ఛ కూడా ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది, 1999లో తీసేశారు.

విడాకులకైనా జబ్బు పేరొక్కటే చాలదు, కలిసి బతకలేనంత తీవ్రత ఉందని రుజువు చేయాలి. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసు ఉంది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. ఆమెకు స్కిజోఫ్రేనియా అని ఆయన విడాకులు అడిగాడు. ఆమె చదువూ ఉద్యోగమూ చక్కగా చేసుకుంటున్న మనిషి. 2013లో సుప్రీంకోర్టు విడాకులు ఇవ్వనంది.

మరి ముప్పెక్కడ? 12వ సెక్షన్‌లో. ముఖ్యమైన విషయంలో మోసం చేసి ఒప్పిస్తే, అది బయటపడ్డ ఏడాదిలోపు పెళ్లి రద్దు చేయమని కోర్టుకెళ్లొచ్చు. అంటే ఆ చుట్టం సలహాయే కేసు తయారు చేసి పెట్టింది!

పూర్వం పెళ్లిచూపులకు అమ్మాయి కళ్లజోడు తీయించి కూర్చోబెట్టేవాళ్లు, గుర్తుందా? పాపం, ఎదురుగా ఉన్నది పెళ్లికొడుకో వాళ్ల బాబాయో కూడా తెలిసేది కాదు. మందులు దాచడం అచ్చం అదే. జోడు ఉన్నంతసేపూ దారి బాగానే కనిపిస్తుంది, తీయించడంతోనే తంటా. పెళ్లి వారంలో ఇంటినిండా చుట్టాలు. స్ట్రిప్ ఎవరి కంటా పడకూడదని మాత్రలు మానిపిస్తారు. పైగా ముహూర్తం రాత్రి రెండింటికి. బైపోలార్ ఉన్నవాళ్లకు వరసగా నిద్ర తప్పితే మేనియా, అంటే హద్దు దాటిన హుషారు, రేగవచ్చు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్లు ఉపవాసమని నీళ్లు కూడా మానేస్తే ఇంకా ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం విషమయ్యేంత పెరగవచ్చు. జోడు లాక్కుని చీకట్లో ఘాట్ రోడ్డు మీద కారు నడపమన్నట్టే కదా! తీరా అల్లుడు తేడాగా మాట్లాడితే ఎవరో చేతబడి చేశారంటారు.

పిల్లల సంగతి కూడా ఉంది. బైపోలార్‌కు ఇచ్చే ఇంకో మందు వాల్ప్రోయేట్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు. అది వాడుతున్న అమ్మాయి తనంతట తాను ఆపేయకుండా, గర్భానికి ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్పించుకోవాలి. భర్తకు తెలియకుండా ఇదంతా ఎలా నడుస్తుంది?

అయితే జోడు పోలిక ఒకచోట కుదరదు. జోడు అందరికీ కనబడుతుంది. మందుల సంగతి అందరికీ చెప్పక్కర్లేదు. పెళ్లిళ్ల పేరయ్యకు వద్దు, బయోడేటాలో వద్దు. చేసుకోబోయే మనిషికి, నిశ్చితార్థానికి ముందే, నేరుగా చెప్పాలి. జబ్బేమిటి, ఏం వాడుతున్నారు, చివరిసారి ఎప్పుడు తిరగబెట్టింది. కుదిరితే ఇద్దరూ ఒకసారి డాక్టర్ని కలవండి. కొన్ని సంబంధాలు తప్పిపోతాయి, లేదని అబద్ధం చెప్పను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్: మీ వైద్య వివరాలు గోప్యం. పెళ్లివారు ఆరా తీయడానికొస్తే డాక్టరు చెప్పకూడదు. 21వ సెక్షన్: ఆరోగ్య బీమా ఒంటి జబ్బులతో సమానంగా ఇవ్వాలి. పాలసీ ఫారంలో కూడా దాచకండి, దాస్తే క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. ఇక టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. పెళ్లి మాటల్లో ఈ సంగతి ఎలా ఎత్తాలో తోచకపోతే ఆ నంబరుకు చేసి అదే అడగండి.