సామాను లారీలో, కొత్త బిల్లు ఫోన్‌లో: ప్యాకర్స్ అండ్ మూవర్స్ ఎక్కువ డబ్బులు అడిగితే ఏం చేయాలి?

(ఓపెనింగ్: అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆగిన డీసీఎం లారీ. వెనక తలుపుకి వేసిన తాళం, దగ్గరగా.)

ఉదయం ఏడున్నర. విశాఖపట్నం, మధురవాడ. మా కొత్త అపార్ట్‌మెంట్ గేటు ముందు డీసీఎం ఆగింది. అందులో మా ఇల్లంతా ఉంది. మంచాలు, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందెలు. డ్రైవర్ దిగాడు కానీ తాళం తియ్యలేదు. ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. అవతల హైదరాబాద్ నుంచి సూపర్‌వైజర్.

"మేడమ్, 17,820 కట్టేయండి, మావాళ్లు దించేస్తారు."

నేను ఇవ్వాల్సింది 5,000.

(టైటిల్ కార్డ్)

నమస్కారం అండి. ఇల్లు మారేటప్పుడు మాట్లాడుకున్న కిరాయి ఒకటి, సామాను దించేటప్పుడు అడిగేది ఇంకొకటి. మీలో చాలామందికి ఇది జరిగే ఉంటుంది. నాకు జరిగినప్పుడు నేను ఏం చేశానో, ఆ తర్వాత చట్టాలు చదివి ఏం తెలుసుకున్నానో ఈ వీడియోలో చెప్తాను. ఆ కంపెనీ పేరు మాత్రం చెప్పను. నాకు కావాల్సింది వాళ్ల పేరు చెడగొట్టడం కాదు, మీ డబ్బులు మీ దగ్గర ఉండటం.

ముందు లెక్క చూద్దాం.

(స్క్రీన్ మీద: పేపర్ మీద చేత్తో రాసిన అంకెలు)

కూకట్‌పల్లి నుంచి మధురవాడకి, రెండు బెడ్‌రూముల ఇంటి సామాను. ప్యాకింగ్, లోడింగ్, కిరాయి, అన్‌లోడింగ్ అన్నీ కలిపి 24,000కి ఒప్పుకున్నారు. అడ్వాన్స్ 5,000, లోడింగ్ రోజు 14,000 ఇచ్చేశాం. మిగిలింది 5,000. దాని మీద వాళ్లు కలిపినవి నాలుగు: జీఎస్టీ 18 శాతం అని 4,320. అదనపు సామాను అని 4,500. మెట్ల చార్జీ 2,000. బోర్డర్ చెక్‌పోస్ట్ ఖర్చు 2,000. మొత్తం 12,820 ఎక్కువ.

అసలు ఈ తేడా రావడానికి దారి ఎక్కడ పడింది? తలుపు దగ్గర కాదు, బుక్ చేసిన రోజే. మనం ఆన్‌లైన్‌లో ఒక చోట నంబరు ఇస్తే పది నిమిషాల్లో ఆరేడు ఫోన్లు వస్తాయి. అందరికంటే తక్కువ చెప్పినవాళ్లకి ఇచ్చేస్తాం. వాళ్లు ఇల్లు చూడకుండా, ఫోన్‌లోనే "టూ బీహెచ్‌కే కదా, చూసుకుందాం లెండి" అంటారు. ఆ "చూసుకుందాం" అన్న మాటే తర్వాత బిల్లుగా తిరిగొస్తుంది. పైగా చాలాసార్లు మనతో మాట్లాడేది ఒకరు, సామాను కట్టేది ఇంకొకరు, లారీ మూడోవాళ్లది. ఎవరిని అడిగినా "అది మాకు తెలీదండి, ఆఫీసుకి ఫోన్ చేయండి" అంటారు.

సామాను మన ఇంట్లో ఉన్నంతసేపూ బేరం మన చేతిలో ఉంటుంది. లారీ కదిలాక వాళ్ల చేతికి వెళ్లిపోతుంది. అందుకే రాతకోతలన్నీ లారీ కదలకముందే అయిపోవాలి.

(స్క్రీన్ మీద: ఫోన్‌తో ఇల్లంతా వీడియో తీస్తున్న చేయి. బీరువా, అటక, బాల్కనీ.)

ఫోన్‌లో వీడియో తియ్యండి. గది గది తిరిగి, అటక మీద ఉన్నవి, మంచం కింద ఉన్నవి, బాల్కనీలో కుండీలు, అన్నీ చూపించండి. అది వాట్సాప్‌లో పంపి, "ఈ సామాను మొత్తానికి ఎంత?" అని అడగండి. వాళ్ల జవాబు కూడా రాతలోనే ఉండాలి. ఆ జవాబులో కొన్ని మాటలు స్పష్టంగా రావాలి: ఏ అంతస్తు నుంచి ఏ అంతస్తుకి, లిఫ్ట్ ఉందా లేదా, లారీ గేటు దాకా వస్తుందా, టోల్ కలిపా, జీఎస్టీ కలిపా, సామాను మనకే సపరేట్ బండిలో వస్తుందా లేక వేరేవాళ్ల సామానుతో కలిపి పార్ట్ లోడా. పార్ట్ లోడ్ చవకే. కానీ మధ్యలో గోడౌన్‌లో దించి మళ్లీ ఎక్కిస్తారు, రోజులు పడుతుంది, ఎక్కడుందో మనకి తెలీదు. నేనైతే బట్టలు, పుస్తకాల వరకే ఒప్పుకుంటాను, ఇల్లు మొత్తానికి ఒప్పుకోను.

డబ్బుల మాట. లోడింగ్ రోజే 80, 90 శాతం ఇచ్చేయమంటారు. నేను అదే తప్పు చేశాను. సగం లోడింగ్ అప్పుడు, సగం దించాక అని ముందే మాట్లాడుకోండి. ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీ చూసుకోండి.

ఇప్పుడు ఆ నాలుగు ఖర్చులకి వస్తాను.

మొదటిది జీఎస్టీ. జీఎస్టీ నిజమైన పన్నే. కొటేషన్‌లో "జీఎస్టీ అదనం" అని రాసి, జీఎస్టీ నంబరు వేసిన పక్కా బిల్లు ఇస్తే కట్టాల్సిందే. కానీ నాకు బుకింగ్ అప్పుడు ఏం చెప్పారంటే, "బిల్లు వద్దంటే జీఎస్టీ ఉండదు మేడమ్." కచ్చా చీటీ ఇచ్చారు. ఇంటి ముందుకొచ్చాక జీఎస్టీ అన్నారు. నేను ఒకటే అడిగాను: "సరే, జీఎస్టీ నంబరు వేసి ఇన్‌వాయిస్ ఇప్పుడే వాట్సాప్ చేయండి, కట్టేస్తాను." అవతల కాసేపు మాట లేదు. తర్వాత "మీరు ముందు కట్టండి, బిల్లు రేపు పంపుతాం" అన్నారు.

(స్క్రీన్ మీద: 15 గళ్లు, మొదటి రెండింట్లో 36, 37, 29)

జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37, కర్ణాటకకి 29. నంబరు ఇస్తే జీఎస్టీ వెబ్‌సైట్‌లో లాగిన్ లేకుండానే వెతకొచ్చు. ఆ నంబరు ఏ పేరు మీద ఉంది, ఇంకా నడుస్తోందా, రద్దయిందా అన్నీ కనిపిస్తాయి. బుక్ చేసే ముందే చూసుకోండి. పేరున్న కంపెనీ పేరుకి ఒక అక్షరం అటూఇటూ మార్చి పెట్టుకున్నవాళ్లు కూడా ఇక్కడే దొరుకుతారు.

రెండోది చెక్‌పోస్ట్ ఖర్చు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఎంట్రీ టాక్స్, ఆక్ట్రాయ్ (ఊళ్లోకి సరుకు వస్తే వేసే పన్ను) లాంటివి అందులో కలిసిపోయాయి. మన పాత మంచం తెలంగాణ నుంచి ఆంధ్రకి వెళ్తే దాని మీద బోర్డర్‌లో పన్ను లేదు. "ఈ-వే బిల్లు తీశాం, దానికి ఖర్చయింది" అని కూడా చెప్తారు. ఈ-వే బిల్లు అంటే సరుకు రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదని జీఎస్టీ నియమాల్లోనే, 138వ నియమం కింద ఇచ్చిన జాబితాలో ఉంది. లారీకి పర్మిట్, టోల్ నిజమే. అవి కిరాయిలో కలిసే ఉండాలి. విడిగా అడిగితే రసీదు చూపించమనండి.

మూడోది మెట్ల చార్జీ. లిఫ్ట్ లేని నాలుగో అంతస్తుకి బీరువా మోసిన హమాలీకి ఎక్కువ ఇవ్వడం న్యాయం. ఆ నడుం నొప్పి వాళ్లదే కదా. కానీ మాది మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది, ఆ మాట కొటేషన్‌లో రాసి ఉంది, లిఫ్ట్ పనిచేస్తోంది. ఇంకా దించనైనా లేదు, మెట్ల డబ్బులు కట్టమంటున్నారు.

నాలుగోది అదనపు సామాను. ఇక్కడ వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఆఖరి నిమిషంలో మా అత్తగారి పాత చెక్క బీరువా, పదహారు పూల కుండీలు ఎక్కించాం. లిస్టులో అవి లేవు. ఇలాంటిది మీరు చేస్తే లోడింగ్ అప్పుడే "దీనికి ఎంత?" అని అడిగి రాయించుకోండి. నేను అడగలేదు.

ఇంకోటి, నాకు పడలేదు కానీ చాలామందికి పడేది: ఇన్సూరెన్స్. సామాను విలువలో ఇంత శాతం అని తీసుకుంటారు. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉన్న కాగితం ఇవ్వకపోతే అది ఇన్సూరెన్స్ కాదు, కిరాయికి ఇంకో పేరు అంతే.

(కెమెరాకి దగ్గరగా)

సరే. లారీ గేటు ముందు ఉంది, తాళం తియ్యట్లేదు. ఏం చేయాలి?

డ్రైవర్‌తో గొడవ పడకండి. మా డ్రైవర్ రాత్రంతా బండి నడిపి వచ్చాడు. "నా చేతిలో ఏం లేదమ్మా, ఆఫీసోళ్లు చెప్తేనే దించాలె" అన్నాడు. అది నిజమే. అతనికి టీ ఇప్పించాను. లారీ నంబరు ప్లేటు, లారీ రసీదు ఫోటో తీసుకున్నాను. ఆ తర్వాత సూపర్‌వైజర్‌కి ఫోన్ కాకుండా మెసేజ్ పెట్టాను.

(స్క్రీన్ మీద: మెసేజ్)

"కొటేషన్ ప్రకారం మొత్తం 24,000. అందులో 19,000 ఇచ్చాను. మిగిలిన 5,000 ఇప్పుడే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. మీరు అడుగుతున్న 12,820 కొటేషన్‌లో లేదు. 5,000 తీసుకుని సామాను దించండి. దించకపోతే కారణం రాసి పంపండి."

ఈ మెసేజ్‌లో ముఖ్యమైనది "5,000 ఇప్పుడే ఇస్తాను" అన్న మాట. ఒప్పుకున్న కిరాయి రాకపోతే సామాను ఆపే హక్కు రవాణా చేసేవాళ్లకి ఉంటుంది. మనం కోపంలో "ఒక్క పైసా ఇవ్వను" అంటే తప్పు మనవైపు తిరుగుతుంది. ఇవ్వాల్సింది ఇస్తానన్నాక కూడా ఆపితే తప్పు వాళ్లది.

అప్పుడు 112కి ఫోన్ చేయొచ్చు. "ఇది సివిల్ మేటర్" అని పోలీసులు అనొచ్చు. కానీ రవాణా కోసం అప్పగించిన సొత్తు విషయంలో నమ్మకద్రోహం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316(3) కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఫిర్యాదు రాసి ఇచ్చేటప్పుడు ఆ సెక్షన్ పేరు రాయండి.

నేను పోలీసుల దాకా వెళ్లలేదు. పిల్లలు ఖాళీ ఇంట్లో నేల మీద కూర్చున్నారు, మా మామగారి మందుల డబ్బా లారీలో ఉంది. పదిన్నర దాకా ఆగి, అడిగినదంతా కట్టేశాను. మీరూ అలా కట్టాల్సి వస్తే అవమానంగా అనుకోవద్దు. ఎలా కట్టామన్నదే ముఖ్యం.

క్యాష్ ఇవ్వకండి. డ్రైవర్ సొంత నంబరుకి పంపకండి, కంపెనీ ఖాతా అడగండి. రెండు సార్లుగా పంపండి: ఇవ్వాల్సిన 5,000 విడిగా, ఎక్కువ అడిగినది విడిగా. రెండోదానికి నోట్‌లో "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాయండి. అదే మాట వెంటనే వాట్సాప్‌లో కూడా పెట్టండి.

ఎందుకంటే, 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 72వ సెక్షన్ ఉంది. పొరపాటున గానీ, బలవంతం మీద గానీ తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వాలని అది చెప్తుంది. దానికి ఆ చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒక రైల్వే కంపెనీ న్యాయం కాని చార్జీ కడితేనే సరుకు ఇస్తానంటుంది. సరుకు అందుకోవాల్సిన ఆయన దాని కోసం కట్టేస్తాడు. అందులో అక్రమంగా ఎక్కువ తీసుకున్నంత వరకు తిరిగి రాబట్టుకునే హక్కు ఆయనకి ఉంది. రైలు తీసేసి డీసీఎం పెట్టండి, అది మా గేటు ముందు జరిగిందే. కట్టేశాం కాబట్టి ఒప్పుకున్నట్టే అని ఎవరైనా అంటే ఈ సెక్షన్ చూపించండి.

సామాను దించాక సంతకం పెట్టే ముందు పెట్టెలు లెక్క చూసుకోండి. పగిలినవి ఉంటే రసీదు మీదే రాసి సంతకం పెట్టండి. పోయిన, పాడైన సామానుకి దావా వేయాలంటే, బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 2007 నాటి రోడ్డు రవాణా చట్టం చెప్తోంది.

తర్వాత డబ్బులు వెనక్కి తెచ్చుకోవడం. ముందు కంపెనీకి ఈమెయిల్: ఏ తేదీ, ఎంత, ఎందుకు తప్పు, ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వాళ్లు తీర్పు చెప్పరు, కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు అడుగుతారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఇక్కడ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మనకి పెద్ద మేలు చేసింది: కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-జాగృతిలో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు.

అమెరికా నుంచి చూస్తున్నవాళ్లకి ఒక మాట. అక్కడ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారేటప్పుడు ఇచ్చే ఎస్టిమేట్ ఖాయమైనది కాకపోతే, దానికి 110 శాతం కట్టగానే సామాను అప్పగించాలని ఫెడరల్ నియమం ఉంది. డాలస్ నుంచి న్యూజెర్సీకి వెళ్తున్నా, ఎస్టిమేట్ కాగితం చేతిలో ఉంచుకోండి.

(స్క్రీన్ మీద: బ్యాంకు మెసేజ్, పేరు కనపడకుండా)

నా విషయం. ఈమెయిల్‌కి జవాబు రాలేదు. ఎనిమిదో రోజు 1915లో ఫిర్యాదు చేశాను. కొటేషన్, మెసేజ్, రెండు యూపీఐ స్క్రీన్‌షాట్లు జత చేశాను. పందొమ్మిదో రోజు సాయంత్రం అదే సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "మేడమ్, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, పంపేస్తాం" అన్నాడు. ముందు పంపండి అన్నాను. జీఎస్టీ 4,320, మెట్లకి 2,000, చెక్‌పోస్ట్‌కి 2,000, మొత్తం 8,320 ఆ రాత్రే వచ్చింది. అదనపు సామాను 4,500 నేను అడగలేదు. అత్తగారి బీరువా, పదహారు కుండీలు నిజంగానే లిస్టులో లేవు.