చెన్నైలో బీటెక్ ఫస్టియర్: ఇక్కడ మీ వెంటపడి చదివించేవాళ్లు ఉండరు

హాయ్ అందరికీ. ఈ వీడియో ఈ ఏడాది చెన్నైలో బీటెక్ చేరబోతున్న మన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ. ఎంసెట్‌లో అనుకున్న కాలేజీ రాక ఇటు చూస్తున్నవాళ్లు, ఇక్కడి యూనివర్సిటీల సొంత ఎంట్రన్స్ రాసి సీటు తెచ్చుకున్నవాళ్లు, అందరికీ. మీలో ఎక్కువమంది అడిగేది ల్యాప్‌టాప్ ఏది కొనాలి, ఏసీ రూమా నాన్ ఏసీయా, మెస్‌లో తిండి ఎలా ఉంటుంది అని. అవన్నీ మొదటి పది రోజుల్లో వాటంతటవే తేలిపోతాయి. నేను చెప్పాలనుకునేది వేరే.

ఇంటర్ రెండేళ్లు ఎలా గడిచాయో గుర్తు తెచ్చుకోండి. తెల్లారకముందే బెల్లు, స్టడీ అవర్, వీకెండ్ టెస్టు, మార్కులు తగ్గితే ఇంటికి మెసేజ్, నిద్ర వస్తుంటే వెనక నుంచి వచ్చి లేపే వార్డెన్. మనకి నచ్చినా నచ్చకపోయినా మన రోజుని ఎవరో ఒకరు నడిపించారు. ఇక్కడికి వచ్చాక ఆ బెల్లు ఉండదు. క్లాసుకి వెళ్లకపోతే అడిగేవాళ్లు ఉండరు, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తే లాక్కునేవాళ్లు ఉండరు, సబ్జెక్టు అర్థం కాలేదని మొహం చూసి కనిపెట్టేవాళ్లు అసలే ఉండరు. మొదటి నెల ఇది స్వర్గంలా ఉంటుంది, మొదటి ఇంటర్నల్స్, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్షల, మార్కులు వచ్చిన రోజున మాత్రం చాలామంది మొహాలు మాడిపోతాయి. తెలివిలేని పిల్లలు కాదు వాళ్లు, ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్లే.

ముందు అడ్మిషన్ సంగతి రెండు ముక్కల్లో. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలి తప్ప కాలేజీ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా అడిగి పెట్టుకునే చోట్లు ఉన్నాయి, కాబట్టి ఆ నోటిఫికేషన్ ప్రింటు తీసుకుని మర్యాదగా అడగండి, ఒకవేళ ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో రాయించుకుని స్టాంపు వేసిన రసీదు తీసుకోండి. అన్నీ స్కాన్ చేసి పెట్టుకున్నాకే బయల్దేరండి. ఇంకోటి, చెన్నై అనగానే సిటీ మధ్యలో అనుకోకండి. అన్నా యూనివర్సిటీ గిండీలో ఉంది, మద్రాసు యూనివర్సిటీ చేపాక్‌లో సముద్రానికి ఎదురుగా ఉంది, నిజమే, కానీ మనవాళ్లు ఎక్కువగా చేరే యూనివర్సిటీలు పొత్తేరి వైపు, కేళంబాక్కం వైపు, షోలింగనల్లూరు వైపు ఉంటాయి. పొత్తేరికి సెంట్రల్ స్టేషన్ నుంచి గంటకు పైనే పడుతుంది, అదీ సెంట్రల్లో దిగి ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌కి దాటి చెంగల్పట్టు లోకల్ పట్టుకుంటే. సామాన్లతో అమ్మానాన్నలతో వచ్చే మొదటి రోజున ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆటోవాళ్లతో బేరం బాధ చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు చదువు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఫస్టియర్ మార్కులతో పనేముంది, సెకండియర్ నుంచి చూసుకుందాం అని చెప్పే సీనియర్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. వాళ్ల మాట వినకండి. లెక్క వేసి చూడండి: ఫైనలియర్ మొదట్లో కంపెనీలు వచ్చేసరికి మీ చేతిలో ఉండేవి 6 సెమిస్టర్ల మార్కులే. ఒక కంపెనీ 8 సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్లూ కలిపి పదికి ఎనిమిది సగటు, అడిగిందనుకుందాం. క్రెడిట్లు, అంటే సగటులో సబ్జెక్టులకిచ్చే బరువు, అన్ని సెమిస్టర్లకీ సమానంగా ఉన్నాయనుకుంటే, ఫస్టియర్లో రెండుసార్లూ 6 తెచ్చుకున్నవాడు మిగతా నాలుగు సెమిస్టర్లలోనూ సగటున 9 తెచ్చుకోవాలి, అదీ సబ్జెక్టులు కష్టమయ్యే సెకండియర్, థర్డియర్లలో. ఫస్టియర్లో 8 తెచ్చుకున్నవాడికి అక్కడే నిలబడితే సరిపోతుంది. పైగా ఫస్టియర్ మ్యాథ్స్, ఫిజిక్స్‌లో చాలాభాగం మీరు ఎంపీసీలో చదివినదానికి దగ్గరగానే ఉంటుంది, అంటే నాలుగేళ్లలో మార్కులు తేలిగ్గా వచ్చే ఏడాది ఇదే, దాన్ని వదిలేసుకోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

మనకి కొత్తగా తగిలేది ప్రోగ్రామింగ్. పక్క బెంచీలో సీబీఎస్‌ఈ నుంచి వచ్చినవాళ్లలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లు రెండేళ్లు పైథాన్ రాసి వస్తారు, మన ఇంటర్ ఎంపీసీలో ఒక్క లైను కోడ్ కూడా ఉండదు. మొదటి ల్యాబ్‌లో వాళ్ల వేగం చూసి మనకిది రాదు అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. అది రెండేళ్ల ముందు మొదలుపెట్టినందువల్ల వచ్చిన తేడా, అంతే. రోజూ రాత్రి అరగంట, చూసి కొట్టకుండా, సొంతంగా చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి, తప్పు ఎక్కడ వచ్చిందో వెతుక్కుంటూ పోతే సెమిస్టర్ అయ్యేసరికి ఆ తేడా సగానికి పైగా తగ్గుతుంది, ఇది నమ్మకంగా చెప్తున్నాను.

ఇంకో ఇబ్బంది ఎవరూ బయటికి చెప్పుకోరు. మనం ఇంగ్లీష్ మీడియమే, కానీ ఇంటర్లో సార్లు పాఠం తెలుగులోనే చెప్పారు కదా. ఇక్కడ గంటసేపు ఇంగ్లీష్‌లో వింటుంటే మొదటి రెండు వారాలు తల బరువెక్కుతుంది, మధ్యలో సార్ తమిళంలోకి వెళ్లిపోతే అసలు తెగిపోతుంది. అలాంటప్పుడు లేచి, ‘సార్, నాకు తమిళం రాదు, ఇంగ్లీష్‌లో చెప్తారా’ అని అడగండి. ఎవరూ నవ్వరు, క్లాసులో మనతోపాటు మలయాళీలు, హిందీవాళ్లు కూడా మీకు మనసులో దండం పెట్టుకుంటారు. క్లాసు అయ్యాక ఫ్యాకల్టీ రూమ్‌కి వెళ్లండి. డౌట్ పట్టుకుని తన దగ్గరికి వచ్చిన పిల్లవాడిని ఏ ప్రొఫెసరూ మర్చిపోరు, తర్వాత ప్రాజెక్టుకో, రికమెండేషన్ లెటర్‌కో ఆ పరిచయమే అక్కరకొస్తుంది.

అటెండెన్స్ చాలాచోట్ల 75 శాతం. ఒక సబ్జెక్టుకి సెమిస్టర్‌లో 45 పీరియడ్లు ఉంటే మీరు పోగొట్టుకోగలిగేది 11. వారానికి మూడు పీరియడ్ల చొప్పున, నాలుగు వారాలు కూడా రాదు. దసరాకి అటొకరోజు ఇటొకరోజు కలిపి వారం ఊళ్లో ఉండిపోతే, తర్వాత వైరల్ జ్వరం వచ్చి ఇంకో వారం పోతే, అప్పటికే సగం అయిపోతుంది. అందుకే ఆ పీరియడ్లని జ్వరం కోసం దాచుకోండి, నిద్ర కోసం ఖర్చు పెట్టకండి.

రూమ్‌మేట్స్ గురించి. మనవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉంటారంటే, కావాలనుకుంటే నాలుగేళ్లూ తెలుగు తప్ప ఇంకో మాట వినకుండా గడిపేయొచ్చు. మొదటి వారం ఇంటి మీద బెంగ పెట్టుకున్నప్పుడు ఆ గ్యాంగే దిక్కు, ఊరగాయ జాడీ మధ్యలో పెట్టుకుని అందరూ కలిసి తినే ఆ భోజనం విలువ నాకు తెలుసు. కానీ ల్యాబ్ పార్ట్‌నర్‌గా ఒక్కరినైనా వేరే రాష్ట్రం వాళ్లని ఎంచుకోండి. తమిళం కూడా కొంచెం కొంచెం పట్టుకోండి: ఎంగ (ఎక్కడ), ఎవ్వళవు (ఎంత), వేండాం (వద్దు), ఈ మాత్రంతో మొదలైనా చాలు. బస్ కండక్టర్‌ని అణ్ణా అని పిలిచి వచ్చీరాని తమిళంలో అడిగితే స్టాప్ వచ్చినప్పుడు పిలిచి మరీ దింపుతారు. అమ్మాయిలకి ఇంకో మాట, ఎంటీసీ, అంటే ఇక్కడి సిటీ బస్సుల సంస్థ, ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్లకి 2021 నుంచి టికెట్ లేదు, ముందు భాగం గులాబీ రంగులో ఉండే బస్సులు చూసి ఎక్కండి.

ర్యాగింగ్ అంటే చాలామందికి టెన్షన్. తమిళనాడులో 1997 నుంచే చట్టం ఉంది, యూజీసీ 2009లో గట్టి నిబంధనలు పెట్టింది, అడ్మిషన్ అప్పుడు మీతోనూ పేరెంట్స్‌తోనూ అఫిడవిట్ రాయించేది అందుకే. పేరు, ఊరు అడగడం, పాట పాడమనడం దగ్గర మొదలై ఎక్కడో హద్దు దాటుతుంది, ఆ దాటిన క్షణం మీకే తెలుస్తుంది. అప్పుడు ఓర్చుకోకండి. 1800-180-5522 యూజీసీ హెల్ప్‌లైన్, రోజంతా పనిచేస్తుంది. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, నేను ఆగుతాను.

ఆదివారాలు హాస్టల్లోనే పడి ఉండకండి. లోకల్ ట్రైన్‌కి స్టూడెంట్ కన్సెషన్ పాస్ ఉంటుంది, ఫారం కాలేజీ ఆఫీసులో అడగండి. కోట్టూర్‌పురంలో అన్నా సెంటినరీ లైబ్రరీ, 2010లో కట్టారు, మన పుస్తకాలు మనం తీసుకెళ్లి చదువుకోవడానికి కూడా వేరే సెక్షన్ ఉంది, పరీక్షల ముందు హాస్టల్ గోల భరించలేనివాళ్లకి అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ 1896 నాటిది, 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల కాపీలు అక్కడికి పంపాలి, కాబట్టి తెలుగు చదవాలనిపిస్తే అక్కడికి వెళ్లండి.

వానలు మర్చిపోవద్దు. మన దగ్గర, ముఖ్యంగా తెలంగాణలో, వానలు తగ్గే అక్టోబర్‌లో ఇక్కడ మొదలవుతాయి, డిసెంబర్ దాకా ఉంటాయి, ఫస్ట్ సెమ్ పరీక్షలు సరిగ్గా ఆ మధ్యలోనే పడతాయి. 2015 డిసెంబర్ చెన్నై వరదల సంగతి విన్నారు కదా. 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకుముందే చెన్నైని ముంచింది, కరెంటు లేదు, నెట్ లేదు. అందుకని నవంబర్ మొదటివారానికే నోట్సు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో ఉంచండి, పవర్‌బ్యాంక్ ఛార్జ్ చేసి ఉంచుకోండి, దోమతెర కట్టుకోండి.

మనసు బాగోలేకపోతే, అన్నం సహించకపోతే, వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోతే అమ్మకి చెప్పండి. అమ్మకి చెప్పలేనిదైతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మార్కులు తగ్గిన సంగతి కూడా ఇంట్లో మీరే ముందు చెప్పండి, వేరేవాళ్ల ద్వారా తెలిస్తేనే వాళ్లకి ఎక్కువ బాధ.

చివరిగా ఇంటికి వెళ్లడం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, దసరా, సంక్రాంతి తేదీలు చూసుకుని బుకింగ్ తెరిచే రోజు పొద్దున్నే కూర్చోండి. విజయవాడ వైపు పినాకిని ఎక్స్‌ప్రెస్ సెంట్రల్ నుంచి ఉంది, పొత్తేరి వైపు ఉండి గోదావరి జిల్లాలకు వెళ్లేవాళ్లకి చెంగల్పట్టు నుంచి బయల్దేరే సర్కార్ ఎక్స్‌ప్రెస్ దగ్గర. బస్సు అయితే కిలాంబాక్కం వెళ్లకండి, అది దక్షిణం వైపు బస్సులకి. నెల్లూరు, ఒంగోలు వెళ్లాలంటే మాధవరం బస్టాండ్, పొత్తేరి నుంచి ఊరంతా దాటుకుని వెళ్లాలి, కాబట్టి రెండున్నర గంటలు ముందే బయల్దేరండి.