పెంచలకోన అడవిలో రాలిన ఆకుల కింద

నమస్కారం. నెల్లూరు జిల్లా పెంచలకోనలో నరసింహస్వామి గుడి దాటి, వాగు వెంట కొంచెం పైకి వచ్చాం. ఇవి వెలిగొండలు. చుట్టూ ఎర్రచందనం, తునికి, మద్ది చెట్లు. ఆకురాలు కాలం కదా, అడుగు వేస్తే పాదం మునిగిపోతోంది. చాలామంది దీన్ని చెత్త అంటారు. అడవి మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

కెమెరా కిందికి తెస్తున్నాను. చేత్తో కాదు, పొడవాటి పుల్లతో ఆకులు తీస్తున్నాను. ఎందుకో తర్వాత చెబుతాను. పై ఆకులు అప్పడాల్లా విరుగుతున్నాయి. వాటి కిందివి మెత్తబడ్డాయి. ఇంకా కింద ఆకు లేదు, ఈనెలే మిగిలాయి. వెలుగుకు పెడితే అచ్చం సన్నని వల! ఆ ఆకు కండంతా ఎవరు తిన్నారు? చెదలు కొంత, బూజు కొంత. ఇదిగో, వీళ్లలో పెద్ద తిండిపోతు రోకలిబండ. పుల్ల తగలగానే చుట్ట చుట్టుకుంది. ఒక్కో కణుపుకు దాదాపుగా రెండేసి జతల కాళ్లు. ఎండుటాకు తిని మట్టికి సారం ఇస్తుంది. దీన్ని జెర్రి అనుకుని తొక్కేస్తుంటారు. జెర్రికి కణుపుకు ఒక్క జతే, అందులో మొదటి జత విషపు కోరలుగా మారి ఉంటుంది. అది వేటాడి బతికేది.

ఆగండి... అదిగో, కంచు రంగు మెరుపు! నలికిరి. మనవాళ్లు నలికండ్ల పాము అంటారు. ఆ ‘పాము’ అన్న మాటే దీని ప్రాణం తీస్తోంది. కాళ్లు చూడండి, నాలుగూ ఉన్నాయి. ఇది బల్లుల బంధువు, విషం బొత్తిగా లేదు. ఒళ్లంతా నూనె రాసినట్టు నున్నగా ఉంది, ఆకుల్లో ఈదుతున్నట్టు పోతోంది. శత్రువు పట్టుకుంటే తోక వదిలేస్తుంది. ఆ తోక గిలగిల కొట్టుకుంటుంటే, ఇది జారుకుంటుంది. మళ్లీ తోక మొలుస్తుంది, కానీ అందులో ఎముక ఉండదు. దీని తోక సగం నుంచి రంగు మారింది, గమనించారా? ఒకసారి చావు తప్పించుకున్నట్టుంది.

ఇక పుల్ల సంగతి. రక్తపింజరి వీపు మీద గొలుసు మచ్చలతో ఎండుటాకుల్లో కదలకుండా పడుకుంటే మన కంటికి ఆనదు. కుక్కర్ ఆవిరిలా బుస కొడుతుంది. చిన్న పింజరి అనే మరో విషపాము పొలుసులు రాసుకుని రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. అది వినిపిస్తే మెల్లగా వెనక్కి రండి. కాటు పడితే కోయవద్దు, గట్టిగా కట్టవద్దు, కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

నన్ను బాధపెట్టేది ఒకటి చెప్పాలి. కొత్త గడ్డి వస్తుందని వేసవిలో ఈ ఆకులకు నిప్పు పెడతారు. జింక పరుగెత్తుతుంది, పక్షి ఎగిరిపోతుంది. పిల్లలను వీపున మోసుకునే తల్లి తేలు ఎంత దూరం పోగలదు? ఈ నలికిరి? మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. అప్పటికి ఈ ఆకుల పరుపు లేకపోతే, వాన దెబ్బకు కొండ మట్టి తిన్నగా వాగులోకి జారుతుంది. దయచేసి అగ్గిపుల్ల గీయకండి.

తీసిన ఆకులను మళ్లీ వరుసగా పరుస్తున్నాను. ముందు ఈనెల వల, దాని మీద మెత్తవి, పైన ఎండువి. రోకలిబండ అప్పుడే చుట్ట విప్పుకుని కిందికి దూరుతోంది.