మీ డ్యూటీ ఎన్ని గంటలు? డెలివరీ డ్రైవర్లు నోటు పుస్తకంలో రాసుకునే పద్ధతి

నమస్తే అండి. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. చాలా ఏళ్లు డెలివరీ వ్యాన్ నడిపినవాణ్ణి. ఈ వీడియోలో మైలేజీ చిట్కాలు లేవు, ఇంజిన్ సంగతులూ లేవు. ఇదిగో, ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, అంతే. మీ పని గంటలు మీరే ఎలా రాసుకోవాలో చూపిస్తాను.

గొడవ ఎక్కడొస్తుందంటే, "ఏటిరా, బండి నడిపింది ఏడు గంటలే కదా!" అంటాడు ఓనరు. స్టీరింగ్ పట్టుకున్నది ఏడే కావచ్చు. కానీ 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం లెక్క వేరు. మీరు యజమాని పని మీద అందుబాటులో ఉన్న సమయమంతా పని గంటలే. లోడింగ్, అన్‌లోడింగ్, బండి బాగోగులు, క్యాష్ అప్పజెప్పడం, రిజిస్టర్‌లో సంతకం, అన్నీ అందులోకే వస్తాయి. బండి ఆగే చోట 15 నిమిషాల లోపు ఊరికే కూర్చున్నా డ్యూటీయే.

ఇప్పుడు అంకెలు. ఆ చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48. దూరపు రూట్లకీ, పండగలకీ అధికారి అనుమతితో రోజుకు 10, వారానికి 54 దాకా వెళ్లొచ్చు. 5 గంటల పని దాటేలోపు కనీసం అరగంట విరామం. విరామాలతో కలిపి రోజంతా 12 గంటలు మించకూడదు. ఈ రోజు డ్యూటీ దిగి రేపు ఎక్కే మధ్య 9 గంటలు తెంపు లేకుండా విశ్రాంతి.

2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ అని కొత్త కార్మిక చట్టం వచ్చింది. 8 గంటలు అలాగే ఉంది, వారంలో ఆరు రోజులకి మించి చేయించకూడదు, ఓవర్‌టైంకి రెట్టింపు కూలి, దానికి మీ ఒప్పుదల కూడా కావాలి. విరామాల వివరాలు ప్రభుత్వాలు నోటిఫై చెయ్యాలి కాబట్టి, మనం కొలుచుకోడానికి పాత అంకెలే వాడదాం.

ఇప్పుడు పేజీ చూడండి. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. ఇది శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా సరుకు వేసే రోజు, ఉదాహరణకి రాశాను.

పొద్దున్న 5:30, గోడౌన్‌లో లోడింగ్. 7:00కి బయల్దేరాం. నరసన్నపేట, టెక్కలి, పలాస షాపులకి దించుకుంటూ 12:00 అయింది. భోజనం 12:45 దాకా. తర్వాత సోంపేట, ఇచ్ఛాపురం, సాయంత్రం 5:00. తిరుగు ప్రయాణం, శ్రీకాకుళం చేరేసరికి 7:45. క్యాష్, బిల్లులు అప్పజెప్పేసరికి 8:15.

కూడదాం. పొద్దున్న ఐదున్నర నుంచి రాత్రి ఎనిమిదింపావు, 14 గంటల 45 నిమిషాలు. భోజనం 45 నిమిషాలు తీసేస్తే పని 14 గంటలు. ఎనిమిదికి ఆరు ఎక్కువ. పొద్దున్న ఆరున్నర గంటలు విరామమే లేదు, అదీ తప్పే. 12 గంటల గీతా దాటిపోయింది. మర్నాడు మళ్లీ 5:30కి రమ్మంటే విశ్రాంతి 9 గంటల 15 నిమిషాలు, పాసైంది ఇదొక్కటే. అందులోనే ఇంటికెళ్లాలి, స్నానం, కూడు, పిల్లలతో రెండు మాటలు. నిద్రకి ఎంత మిగిలిందో మీరే లెక్కేసుకోండి.

ఇలా వరసగా ఓ వారం చేశాక, ఒకసారి రణస్థలం దాటాక నా కళ్లు తెరిచే ఉన్నాయి గానీ వెనక పోయిన నాలుగైదు కిలోమీటర్లు గుర్తులేవు. పక్కనున్న కుర్రాడు భుజం పట్టుకుని కుదిపితే, ముందు లారీ ఎర్ర లైట్లు కనపడ్డాయి. బ్రేకు పడింది, బతికాం. ఆ ఓనరుకి చెప్తే "టీ తాగలేదా?" అన్నాడు.

పేజీలో నాలుగు గళ్లు చాలు: ఎప్పుడు, ఎక్కడ, ఏం పని, రుజువు. ఈ నాలుగోది చాలామంది వదిలేస్తారు. బిల్లు మీద షాపు స్టాంపు వేయించుకున్నప్పుడు పక్కనే టైము రాయించండి. మడపాం టోల్ దాటిన టైము రాసుకోండి. ఫాస్టాగ్ మెసేజ్ ఓనరు ఫోనుకి పోతుంది, మన దగ్గర ఉండదు మరి. షాపువాడు గంట ఆపితే ఎవరు, ఎందుకు ఆపారో రాయండి, ఎందుకంటే పావుగంట దాటిన ఖాళీ మీదే ఓనర్లు వాదన పెడతారు. రాత్రి పేజీ ఫొటో తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్‌కి పంపేయండి, పుస్తకం పోయినా తేదీతో సహా ఉంటుంది. కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాల్సి వస్తే, ఇలాంటి మూడు నెలల పేజీలు పట్టుకెళ్లినవాడి మాటకి బరువుంటుంది.

సొంత బండి, సొంత బేరం అయితే మీకు ఈ రెట్టింపు కూలి ఇచ్చే ఓనరంటూ లేడు. యాప్‌లో బైకు మీద తిరిగే తమ్ముళ్లని సామాజిక భద్రత కోడ్ గిగ్ వర్కర్లు అని పిలిచింది గానీ, వాళ్లకి గంటల పరిమితి అందులో పెట్టలేదు. అది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అయినా పుస్తకం రాయండి, పెట్రోలుకి పోగా గంటకి ఎంత మిగులుతోందో తెలుస్తుంది.

రేపు గోడౌన్‌లో తాళం చేతికిచ్చిన టైము, అదే మొదటి గడి. పెన్ను మాత్రం డాష్‌బోర్డు మీద పెట్టకండి, ఎండకి ఇంకు కారిపోతుంది. నాకు రెండు చొక్కాలు పోయాయి.