మాస్టర్ చార్ట్ నుంచి మాన్యుస్క్రిప్ట్ దాకా

(ఒంగోలులో పీజీ వైద్య విద్యార్థుల వర్క్‌షాప్‌లో ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. థీసిస్‌ని జర్నల్ పేపరుగా ఎలా మార్చాలో ఈ పూట మాట్లాడుకుందాం.

1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక పేపరు అచ్చయింది. రాసినవాళ్లు షార్ట్, పండిట్, రాఘవాచారి. తాగునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతింటున్నాయని మన దేశంలో వచ్చిన తొలి రిపోర్టుల్లో అదొకటి. పేపరు పేరులోనే నెల్లూరు జిల్లా ఉంటుంది. దర్శి, పొదిలి, కనిగిరి అప్పట్లో నెల్లూరు కిందే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. ఆ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ మీద రాసేవాళ్లు ఈరోజుకీ ఆ పేపర్ని రిఫరెన్సుల్లో పెడుతూనే ఉన్నారు.

మరి మన కాలేజీల్లో ఏటా తయారయ్యే థీసిస్‌ల సంగతేంటి? నల్ల అట్ట, బంగారు అక్షరాల బైండింగ్, ఒక కాపీ లైబ్రరీకి, ఒకటి డిపార్ట్‌మెంటు బీరువాకి. పరీక్ష పాసయ్యాక దాన్ని తెరిచేవాళ్లుండరు. వాటిలో మంచి డేటా ఉంది, నేను చూశాను. కానీ థీసిస్‌ని కుదించినంత మాత్రాన పేపరు కాదు. థీసిస్ చదివే ఎగ్జామినర్‌కి మీరు ఎంత చదివారో కావాలి. పేపరు చదివేవాడికి మీరెవరో తెలియదు, కనిగిరి ఎక్కడుందో అంతకంటే తెలియదు. మీరు ఎవర్ని చూశారు, ఎలా లెక్కపెట్టారు, ఆ లెక్క నమ్మొచ్చా అన్నదే అతనికి కావాలి.

అందుకే ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టకండి. దాదాపు అందరూ అక్కడే మొదలుపెట్టి, రెండు పేజీల చరిత్ర రాసి, అలిసిపోయి వదిలేస్తారు. ముందు మాస్టర్ చార్ట్ తెరవండి, అంటే మీరు చూసిన ఒక్కొక్కరి వివరాలూ ఒక్కో వరుసలో ఎక్కించిన పట్టిక. దాన్నుంచి టేబుల్స్ వేయండి. టేబుల్స్ నిలబడితే మెథడ్స్, తర్వాత రిజల్ట్స్. డిస్కషన్, ఇంట్రడక్షన్ ఆ తర్వాతే. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికన్నా చివర.

టేబుల్ నిలబడటమంటే ఏంటో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒక బడిలో 120 మంది పిల్లల పళ్లు చూశారనుకుందాం. మొదటి టేబుల్లో 120 ఉంటుంది. నాలుగో టేబుల్ కింద కూడితే 117. ఆరో టేబుల్లో 114. ఆ ముగ్గురు ఎక్కడికి పోయారు, ఈ ఆరుగురు ఎక్కడికి పోయారు? ఆరోజు బడికి రాలేదా, నీళ్ల శాంపిల్ దొరకలేదా, ప్రొఫార్మాలో, అంటే వివరాలు నింపే ఫారంలో, ఆ గడి ఖాళీగా ఉందా? కారణం ఏదైనా ఫర్వాలేదు, ఒక్క వాక్యంలో రాసేయండి. రాయకపోతే రివ్యూయర్, అంటే జర్నల్ తరఫున మీ పేపర్ని పరిశీలించేవాడు, మొదట పట్టుకునేది అదే. అక్కడ అనుమానం మొదలైతే మిగతా పేపరంతా ఆ అనుమానంతోనే చదువుతాడు.

ఆస్పత్రిలో ఉన్న రోజుల సగటు 6, ఎస్‌డీ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 8 అని రాస్తారు. రోజులు మైనస్‌లోకి పోవు కదా! సగటు కంటే ఎస్‌డీ పెద్దదైందంటే ఒకరిద్దరు నెలల తరబడి వార్డులో ఉండి లెక్కని లాగేశారని అర్థం. అక్కడ మీడియన్ (వరసలో సరిగ్గా నడిమి విలువ) ఇవ్వాలి, దాని పక్కన క్వార్టైల్స్ (వరసని నాలుగు భాగాలు చేసే విలువలు) ఇవ్వాలి. ఇంకొకటి, సాఫ్ట్‌వేర్ పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం రావడానికి ఎంత అవకాశముందో చెప్పే అంకె) .000 అని చూపిస్తుంది. దాన్ని అలాగే ఎక్కించేస్తారు. పీ ఎప్పుడూ సున్నా కాదు, 0.001 కంటే తక్కువ అని రాయాలి. 18 మందిలో 7 మందికి ఉంటే 38.889 శాతం అని మూడు దశాంశాలు అక్కర్లేదు. చూసింది 18 మందినే!

ఇక మెథడ్స్. నా దృష్టిలో పేపరంటే ఇదే. థీసిస్‌లో సామాన్యంగా కనిపించే వాక్యం ‘ర్యాండమ్‌గా ఎంపిక చేశాం’. అసలు జరిగిందేమో, సోమవారం, గురువారం ఓపీకి వచ్చినవాళ్లని వచ్చినట్టు తీసుకోవడం. అలా తీసుకున్నామని రాయడానికి నామోషీ పడక్కర్లేదు. అలాంటి స్టడీలు జర్నల్స్ వేసుకుంటాయి. చేయనిది చేశామని రాస్తేనే చిక్కు.

ఫ్లోరోసిస్ స్టడీనే తీసుకోండి. ‘భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ కొలిచాం’ అంటే చాలదు. ఏ నెలలో, ఎన్ని బోర్ల నుంచి, గాజు సీసాలోనా ప్లాస్టిక్ సీసాలోనా? ఫ్లోరైడ్ గాజుతో కలిసే గుణమున్నది, అందుకని ప్లాస్టిక్‌లోనే పట్టాలంటారు. ఎలక్ట్రోడ్‌తో కొలిచారా, ఫీల్డ్ కిట్‌తోనా? ఎక్కువ అన్నది దేన్ని బట్టి? ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు, మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కోరుకునే హద్దు 1.0, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటుంది. ఏది పట్టుకున్నారో చెప్పాలి.

అసలు ప్రశ్న వేరే ఉంది. పదేళ్ల పిల్లాడి పంటి మీద ఈరోజు కనిపించే మచ్చ, వాడు ఈరోజు తాగే నీళ్ల వల్ల వచ్చింది కాదు. ఎనామెల్ (పంటి పైపొర) తయారయ్యే చిన్నతనంలో, ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్ల గుర్తు అది. ఆ వయసులో ఆ కుటుంబం ఎక్కడుంది? మన పడమటి ఊళ్లనుంచి పనులకోసం హైదరాబాదు, బెంగళూరు పోయి, కొన్నేళ్లకి తిరిగొచ్చినవాళ్లు ఎంతమంది! ఊళ్లో ఉన్నా, ఇంట్లో తాగేది బోరు నీళ్లా, సాగర్ నీళ్లా, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లా? వంటకి ఏ నీళ్లు? వీటిని అడిగుంటే మీ పేపరుకి బలం. అడక్కపోతే లిమిటేషన్స్‌లో మీరే ముందుగా చెప్పండి. ఢిల్లీలో కూర్చున్న రివ్యూయర్‌కి క్యాన్ నీళ్ల సంగతి తట్టకపోవచ్చు, మనకి తెలుసు. ఈ ప్రాంతం వాళ్లం కాబట్టి మనం మాత్రమే రాయగలిగిన మాట అది.

చెక్‌లిస్టులు వాడుకోండి. ఇలాంటి అబ్జర్వేషనల్ స్టడీలకి స్ట్రోబ్, ట్రయల్స్‌కి (మందునో చికిత్సనో పేషెంట్ల మీద పరీక్షించే స్టడీలకి) కన్సార్ట్, కేస్ రిపోర్టులకి కేర్. స్ట్రోబ్‌లో 22 అంశాలుంటాయి. పేపరు రాశాక కాదు, ప్రొఫార్మా వేసుకునేటప్పుడే పక్కన పెట్టుకోవాలి.

డిస్కషన్ గురించి ఎక్కువ చెప్పను. ‘మా ఫలితం ఫలానావారి ఫలితంతో ఏకీభవిస్తోంది’ అని ఇరవై సార్లు రాస్తే అది డిస్కషన్ కాదు, హాజరుపట్టీ. మీకు తేలిందేమిటో మొదటి పేరాలోనే చెప్పి, ఎందుకు తేడా వచ్చి ఉంటుందో ఆలోచించండి. ఇంగ్లీషు గురించి టెన్షన్ వద్దు. చిన్న వాక్యాలు చాలు. ఏఐతో భాష దిద్దించుకుంటే ఆ మాట జర్నల్‌కి చెప్పాలి. దాన్ని రచయితగా పెట్టకూడదని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ 2023లో స్పష్టంగా చెప్పింది. ఏఐ ఇచ్చే రిఫరెన్సుల్లో అసలు లేని పేపర్లు కూడా ఉంటాయి. ప్రతిదాన్నీ తెరిచి చూడకుండా పెట్టొద్దు.

ఆ కమిటీయే రచయిత ఎవరన్నదానికి నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలోనో డేటాలోనో గట్టి పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో పాత్ర, చివరి ప్రతికి ఆమోదం, తప్పు వస్తే జవాబుదారీ. నాలుగూ ఉండాలి. ఇక్కడ అందరూ నవ్వుతున్నారు, ఎందుకో నాకు తెలుసు. ‘పెద్దాయన పేరు పెట్టకపోతే బాగుండదు’ అన్న బెరుకు అందరికీ ఉంటుంది. దానికి నేను చూసిన మార్గం ఒకటే: డేటా మొదలుపెట్టకముందే ఎవరి పేరు, ఎన్నో పేరు అని గైడ్ గారి గదిలో కూర్చుని కాగితం మీద రాసుకోవడం. ఆ వేళకి ఎవరికీ మొహమాటం ఉండదు. సాయం చేసినవాళ్లకి కృతజ్ఞతలు చెప్పే చోటు వేరే ఉంది. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ పేరు మర్చిపోకండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి స్టడీ అయ్యాక తెచ్చుకునేది కాదు. ట్రయల్ అయితే మొదటి పేషెంటుని చేర్చకముందే మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి అప్పటికే మొదలైపోయిన ట్రయల్స్‌ని అక్కడ తీసుకోవడం లేదు. ఫొటోల విషయం కూడా చూడండి. కళ్లమీద నల్లపట్టీ వేస్తే చాలనుకుంటారు. చాలదు. చిన్న ఊళ్లో నడుము పూర్తిగా వంగిపోయిన పెద్దాయన ఒక్కరే ఉంటే, పట్టీ వేసినా ఊరంతా ఆయన్ని గుర్తుపడుతుంది. ఫొటో ఆయనకే చూపించి, ఎక్కడ అచ్చవుతుందో తెలుగులో చెప్పి, సంతకమో వేలిముద్రో తీసుకోండి.

జర్నల్ ఎంచుకోవడంలో, మీ మెయిల్‌కి ‘మహనీయ ప్రొఫెసర్ గారికి’ అంటూ వచ్చే ఉత్తరాలన్నీ చెత్తబుట్టకే. మీరింకా పీజీ సెకండియర్! మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్ ఇస్తామంటే ఎవరూ చదవలేదనే లెక్క. ఫీజు ఎంతో ముందే చెప్పారా, సంపాదకవర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారా, పోయినేడు వేసిన పేపర్లు చదవదగ్గట్టున్నాయా చూడండి. పబ్‌మెడ్‌లో (వైద్య పేపర్ల ఆన్‌లైన్ జాబితాలో) ఉందని వాళ్లు చెబితే మీరే వెతకండి. ఒకసారి ఒక జర్నల్‌కే పంపాలి. పెళ్లి సంబంధాల్లా నాలుగు చోట్ల మాట వేసి పెట్టుకోవడం ఇక్కడ కుదరదు.

చిన్న ఊరనే సంకోచం కూడా వద్దు. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న పట్నం ప్రాంతంలో పనిచేస్తూ డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఎర్రతేలు కాటు మీద లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో రాశారు. దానికి ప్రాజోసిన్ అనే మందు వాడకం గురించి 1986లో ఆయన రాసింది ఆ పత్రికలో వచ్చింది. తన దగ్గరికొచ్చిన పేషెంట్లనే ఆయన జాగ్రత్తగా చూసి, రాసిపెట్టుకున్నారు.

రిజెక్ట్ అయితే ఉత్తరం పూర్తిగా చదివి, ఉపయోగపడేవి సరిచేసి ఇంకో జర్నల్‌కి పంపండి. రివిజన్ అడిగితే రివ్యూయర్ రాసిన ప్రతి మాట కింద మీ జవాబు, ఏ పేజీలో మార్చారో రాయండి. ఒప్పుకోకపోతే ఎందుకో మర్యాదగా చెప్పండి.

భోజనాల తర్వాత మళ్లీ కూర్చుందాం. థీసిస్ పుస్తకాలు గదిలోనే ఉంచి, మాస్టర్ చార్ట్, మొదటి రెండు టేబుల్స్ ప్రింట్ మాత్రం తెచ్చుకోండి. కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లవి ముందు చూస్తాను, వాళ్లకి నాలుగింటికి ఫీల్డ్ డ్యూటీ ఉందట.