మా 1969 కమారోను అమ్ముతున్నాం: కొత్తగా కట్టించిన ఇంజిన్‌ను ఎవరూ ఊరికే నమ్మరు

అందరికీ నమస్కారం. మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో మా ఇంటి గ్యారేజీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను. నా వెనుక కనిపిస్తున్న ముదురాకుపచ్చ కారు 1969 నాటి షెవ్రోలే కమారో. మూడేళ్లపాటు నా శని, ఆదివారాలన్నిటినీ మింగిన ఈ బండి ఈ రోజు మధ్యాహ్నం ఒహాయోకు వెళ్లిపోతోంది. దీన్ని విప్పి కట్టిన కథ పాత వీడియోల్లో చూశారు కనుక, ఈసారి అమ్మకం గురించి మాత్రమే చెబుతాను.

మొదటి ప్రకటనలో ‘రీబిల్ట్’ అని రాసి చేతులు కాల్చుకున్నాను. ప్రమాదంలో బాగా దెబ్బతిని, ఇక బాగుచేయడం దండగని బీమా సంస్థ తేల్చేసిన బండిని ఎవరైనా మళ్లీ రోడ్డెక్కిస్తే, ఇక్కడ దాని యాజమాన్య పత్రం మీద చెరగని ముద్ర పడుతుంది. అలాంటి పత్రాన్నీ రీబిల్ట్ టైటిల్ అనే అంటారు. మా బండి టైటిల్ మీద ఏ మచ్చా లేకపోయినా, రెండు వారాలపాటు ఫోను చేసినవారిలో చాలామంది ప్రమాదం ఎక్కడ జరిగిందనే అడిగారు. విప్పి కట్టించినది ఇంజిన్ మాత్రమేనని, టైటిల్‌కు ఏ ముద్రా లేదని తిరగరాశాకే అసలు బేరగాళ్లు రావడం మొదలైంది.

వచ్చినవారికి ఇంజిన్ మీదే అనుమానం. ‘బోరుకొచ్చింది’ అన్న మాట, అంటే సిలిండర్లు అరిగిపోయి లోపల కోసి వెడల్పు చేయాల్సి వచ్చిందని, విజయవాడ ఆటోనగర్ ముఖం చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అక్కడ బోరు వేయించి ఓవర్‌సైజు పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు ఎలా వేస్తారో ఇక్కడా అంతే. మాది 350 ఘనపుటంగుళాల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. బోరు వ్యాసాన్ని అంగుళంలో వెయ్యింట 30 వంతులు పెంచడంతో అది 355 అయింది. అయితే ఆ కాలపు ఇంజిన్లలో ట్యాపెట్లకు, అంటే వాల్వులను కదిపే ముక్కలకు, రోలర్లు ఉండవు. ఆ ట్యాపెట్లు తమను పైకి నెట్టే ఇరుసైన క్యామ్ మీద నేరుగా రుద్దుకుంటాయి. అందువల్ల కొత్త క్యామ్ వేసిన ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోసి, 20 నిమిషాలకు తగ్గకుండా 2,000 ఆర్‌పీఎమ్‌కు పైన నడపాలి. ఐడ్లింగ్‌లో వదిలేస్తే క్యామ్ అరిగి, ఆ లోహపు పొడి బేరింగులలో చేరుతుంది. అందుకే తెలిసినవారు అసలు తిరగని కొత్త ఇంజిన్ కన్నా కొంత తిరిగినదానినే నమ్ముతారు. నేను 500 మైళ్లు నడిపి, ఆయిల్ మార్చి, పాత ఫిల్టరును కోసి తీసిన ఫొటోలను, కంప్రెషన్ పరీక్ష అంకెలను, మెషిన్ షాపు బిల్లులను ఒక ఫైలులో పెట్టాను. మూడేళ్లుగా మా ఆవిడ ‘ఆ కాగితాల గుట్ట’ అని విసుక్కున్నది దీన్నే.

ఎస్‌ఎస్ (సూపర్ స్పోర్ట్, కమారోలో ఎక్కువ శక్తిగల రకం) బ్యాడ్జీలు తగిలిస్తే ధర పెరుగుతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. 1969 కమారో గుర్తింపు సంఖ్యలో 13 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మా బండిది 124379తో మొదలై, తరువాత ఎన్ అనే అక్షరం వస్తుంది: వీ8 ఇంజిన్, రెండు తలుపుల కూపే, 1969 మోడల్, ఒహాయోలోని నార్వుడ్ కర్మాగారం. అది ఎస్‌ఎస్ అవునో కాదో ఆ సంఖ్య చెప్పదు. దొంగ ఎస్‌ఎస్‌లు పుట్టుకొచ్చింది ఆ సందులోంచే. ఇంజిన్ వెనుక గోడకున్న రేకు మీద 57 అనే రంగు సంఖ్య ఉంది. ఫ్యాథమ్ గ్రీన్ రంగు కర్మాగారంలో వేసినదే. ఇంజిన్ బ్లాకు మాత్రం ఈ బండితో పుట్టినది కాదు, దాని మీద ముద్రించిన అంకెలు బండి సంఖ్యతో కలవవు. ఆ మాట ప్రకటన మొదటి వాక్యంలోనే రాశాను. దానివల్ల ధర తగ్గుతుందని తెలిసే రాశాను.

కొన్న పెద్దాయన పోయిన శనివారం ఉదయాన్నే వచ్చి, పలకరింపుకన్నా ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశారు. ముందే వేడెక్కించి ఉంచిన ఇంజిన్ తన జబ్బులను దాచుకోగలదు. తరువాత మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని వెనుక చక్రాల పైనుంచి కింది అంచు దాకా జరిపారు. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఇక్కడి బండ్లను అక్కడే తింటుంది, దాని మీద లప్పం పూసి రంగేస్తే కంటికి కనబడదు. ఆఖరున కింద పడుకొని చూసి, క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వెనుక సీలు దగ్గర ఆయిల్ చెమ్మ ఉందన్నారు. ఆ కాలపు షెవ్రోలేలలో ఆ సీలు రెండు ముక్కలుగా ఉంటుంది, కారడం దానికి అలవాటే. నేను ముందే చెప్పానని గుర్తు చేస్తే, నిజమో కాదో చూసుకున్నానని నవ్వారు. 52,000 డాలర్ల దగ్గర మొదలైన బేరం 47,500కు తెగింది. ఖర్చు ఎంతయిందని కామెంట్లలో అడగకండి, ఆవిడ కూడా ఈ వీడియో చూస్తుంది.

డబ్బు నిన్న బ్యాంకులో నా ఖాతాకు చేరాకే టైటిల్ వెనుక సంతకం చేశాను. దాని నకలు తీసి పెట్టుకున్నాను. అమ్మినవారు అమ్మకం పత్రాలను 18 నెలలు భద్రపరచాలి. మిషిగన్‌లో నంబరు ప్లేటు బండితో పోదు, మన దగ్గరే ఉంటుంది. మా వీధి మొదట్లో ట్రైలరు మలుపు తిరుగుతోంది. ప్లేటు ఇంకా విప్పలేదు, స్క్రూడ్రైవరు తెచ్చుకుంటాను.