బుల్లి ఈవీలో ఇద్దరు: పక్కపక్కనా, ముందూ వెనకా?

[తెర మీద: ఇంటి ముందు సిమెంటు గచ్చు. చాక్‌పీసు, కొలత టేపు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు.]

ఇద్దరు కూర్చునే బుల్లి ఈవీ, అంటే బ్యాటరీతో నడిచే చిన్న బండిలో, సీట్లు ఎలా ఉంటే మేలో చూద్దాం. ముందు ఒక చిన్న పని చేద్దాం. గచ్చు మీద 110 సెంటీమీటర్ల వెడల్పు, 230 సెంటీమీటర్ల పొడవు ఉండే డబ్బా గీయండి. అందులో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి ఇద్దరు పెద్దవాళ్లు కూర్చోండి. లోపల భుజాలు ఒరుసుకుంటాయి, బయటి మోచేతులు గీత దాటేస్తాయి. పెద్ద మనిషి భుజాల వెడల్పు 45 నుంచి 50 సెంటీమీటర్లు. స్టీరింగ్ తిప్పడానికి మోచేతికి కాస్త చోటు, ఒక్కో తలుపు మందం 8 నుంచి 10 సెంటీమీటర్లు కలిపితే బండి వెడల్పు 130 లోపు కుదించడం చాలా కష్టం.

ఇప్పుడు కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేయండి. వెనక మనిషి మోకాళ్లు ముందు కుర్చీకి తగులుతాయి. కాళ్లు ఎడంగా చాపి, ముందు కుర్చీకి చెరో పక్కన పాదాలు పెట్టించండి. ఇద్దరి తుంటి మధ్య 75, 80 సెంటీమీటర్లు ఉంటే చాలు, అదే డబ్బాలో ఇద్దరూ ఒదిగిపోతారు. దీన్నే టాండెమ్ సీటింగ్ అంటారు. 2012లో వచ్చిన రెనో ట్విజీ అనే బుల్లి ఈవీలో వెనక మనిషి కూర్చునేది ఇలాగే. ఆ బండి వెడల్పు 1.24 మీటర్లు. మన ఊళ్లో తిరిగే ప్యాసింజర్ ఆటో సుమారు 1.3 మీటర్లు ఉంటుంది.

[తెర మీద: శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్, ఆ తర్వాత 16వ నంబరు జాతీయ రహదారి.]

వెడల్పు తగ్గితే ఏం కలిసొస్తుంది? గాలి. బండి ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే వైశాల్యాన్ని బట్టి, వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి గాలి అడ్డుపడుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది. ఈ వర్గం అన్న మాటలోనే అసలు విషయమంతా ఉంది, అందుకే లెక్క కట్టి చూద్దాం.

రెండు బండ్లు అనుకుందాం. ఒక్కోటి మనుషులతో కలిపి 650 కిలోలు. ఎత్తు 1.45 మీటర్లు. ఆకారం తీరుని చెప్పే డ్రాగ్ అంకె, అంటే సీడీ (ఇది తగ్గితే గాలి అడ్డూ తగ్గుతుంది), రెండింటికీ 0.35. పక్కపక్క సీట్ల బండి వెడల్పు 1.45 మీటర్లు, ఎదురు వైశాల్యం సుమారు 1.8 చదరపు మీటర్లు. టాండెమ్ వెడల్పు 1.1 మీటర్లు, వైశాల్యం 1.35.

[తెర మీద: అంకెలు ఒక్కొక్కటిగా.]

ఊళ్లో గంటకు 25 కిలోమీటర్ల వేగంలో మొదటిదానికి గాలి అడ్డు 17 న్యూటన్లు (బలాన్ని కొలిచే లెక్క), రెండోదానికి 13. టైర్లు దొర్లడంలో పోయే బలం మాత్రం రెండింటికీ సుమారు 76. మొత్తం మీద తేడా 5 శాతం కూడా లేదు. టైర్లలో గాలి తగ్గితే పోయేది ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

అదే హైవే మీద 80 వేగంలో గాలి అడ్డు మొదటిదానికి 179, రెండోదానికి 134. టైర్లు అదే 76. ఇక్కడ తేడా 17 శాతం దాటింది. బ్యాటరీలో వాడుకోగలిగింది 8 యూనిట్లు, మోటారు, కంట్రోలరు కలిపి 85 శాతం సామర్థ్యం అనుకుంటే, పక్కపక్క సీట్ల బండి 96 కిలోమీటర్లు, టాండెమ్ 116 కిలోమీటర్లు వెళ్తుంది. శ్రీకాకుళం నుంచి విజయనగరం సుమారు 70 కిలోమీటర్లు, రెండూ చేరతాయి. విశాఖపట్నం వంద దాటుతుంది. మొదటిది దారిలోనే ఆగిపోతుంది. రెండోది చేరవచ్చు గానీ, ఎదురుగాలి వీచినా, ఏసీ వేసినా నమ్మకం లేదు.

ఏసీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే సీట్ల చర్చలో దీన్ని అందరూ మరిచిపోతారు. చిన్న ఏసీ 800 వాట్లు తీసుకుంటుందనుకోండి. 80 వేగంలో కిలోమీటరుకి 10 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్). 25 వేగంలో 32! ఆ వేగంలో బండి నడవడానికి అయ్యేది కూడా దాదాపు అంతే. రథసప్తమి నాడు అరసవల్లి దారిలో నడక వేగంతో పాకుతుంటే ఇంకా అన్యాయం. కాబట్టి ఊళ్లోనే తిరిగేవాళ్లు టాండెమ్ కోసం వెతికే ముందు పైకప్పుకి లేత రంగు, అద్దాలకి నిబంధనలకు లోబడి వేడిని ఆపే గాజు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

[తెర మీద: మూడు బండ్ల పైనుంచి గీసిన బొమ్మలు.]

ఫోక్స్‌వ్యాగన్ కథ ఇక్కడ పనికొస్తుంది. డీజిల్ బండ్లే అయినా, గాలి లెక్క అదే. 2002లో వాళ్లు చేసిన, వంద కిలోమీటర్లకి ఒక లీటరు చాలన్న 'ఒక లీటరు కారు' టాండెమ్. బరువు 290 కిలోలు, సీడీ 0.159. 2009లో చూపిన ఎల్1 కూడా టాండెమే. కానీ చివరికి అమ్మకానికి తెచ్చిన ఎక్స్‌ఎల్1లో సీట్లు పక్కపక్కకి వచ్చేశాయి, రెండో సీటుని కాస్త వెనక్కి జరిపారు. దాని సీడీ 0.189. వైశాల్యం పెరిగింది, అయినా మనుషులు కూర్చునే తీరుకే మొగ్గారు. అది సరైన నిర్ణయమే. సీటుని 15 నుంచి 25 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే ఒకరి భుజం ఇంకొకరి భుజం వెనక్కి దూరుతుంది, బండి వెడల్పులో 10 సెంటీమీటర్లకు పైగా మిగులుతుంది. మాట్లాడుకోవడానికి అడ్డు ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో ఇద్దరు కలిసి తిరిగే బండికి మా ఓటు ఈ అమరికకే.

[తెర మీద: నాలుగు చక్రాల బండి పక్క నుంచి, వెనక మనిషి ఎక్కుతున్నాడు.]

ఇప్పుడు బరువు. పక్కపక్క సీట్లలో డ్రైవరు ఒక్కడే ఉంటే బండి ఒక పక్కకి కొద్దిగా ఒరుగుతుంది, అంతే. టాండెమ్‌లో ఒక్కడే ఉంటే సరిగ్గా మధ్యలో ఉంటాడు, అది బాగుంటుంది. ఇబ్బంది రెండో మనిషి ఎక్కినప్పుడు. చక్రాల మధ్య దూరం 2 మీటర్లు, వెనక సీటు ముందు ఇరుసుకి 1.7 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 70 కిలోల మనిషిలో దాదాపు 60 కిలోలు వెనక ఇరుసు మీదే పడతాయి. పక్కపక్క సీటు 1.2 మీటర్ల దగ్గర ఉంటే ఆ వాటా 42 కిలోలే. స్ప్రింగులు మెత్తగా ఉన్న టాండెమ్‌లో వెనక దిగిపోతుంది, ముందు లేస్తుంది, హెడ్‌లైటు ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. లైటు ఎత్తు సర్దే లెవలర్ ఉందో లేదో చూడండి. వెనక టైర్ల గాలికి ఒకరికి ఒక అంకె, ఇద్దరికి ఒక అంకె బండి మీద రాసి ఉండాలి, దాన్ని పాటించాలి.

మూడు చక్రాలైతే ఇంకా జాగ్రత్త. ముందు రెండు, వెనక ఒకటి ఉన్న టాండెమ్‌లో రెండో మనిషి ఎక్కగానే గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, వెనక ఒంటి చక్రం వైపు జరుగుతుంది. ముందు చక్రాల మధ్య 1.2 మీటర్లు, ఖాళీ బండి 350 కిలోలు అయిన ఒక లెక్కలో, బండిని నిలబెట్టే పక్క ఆధారం, అంటే గరిమనాభి నుంచి బండి బోల్తా పడే అంచు దాకా పక్క దూరం, 35 సెంటీమీటర్ల నుంచి 32కి తగ్గింది. గరిమనాభి ఎత్తు 50 సెంటీమీటర్లైతే, ఆధారానికీ ఎత్తుకీ నిష్పత్తి 0.70 నుంచి 0.64కి పడుతుంది. పొడి తారు రోడ్డు మీద టైరు పట్టు 0.7, 0.8 ఉంటుంది, నిష్పత్తి దానికంటే తక్కువ. అంటే మలుపులో టైరు జారడానికి ముందే బండి బోల్తా పడుతుంది. ఆటోలా ముందు ఒకటి, వెనక రెండు ఉంటే దీనికి విరుద్ధంగా, డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు ప్రమాదం ఎక్కువ. టాండెమ్ కావాలనుకుంటే నాలుగు చక్రాలే తీసుకోండి. బ్యాటరీ నేల కింద పొడవుగా, పల్చగా పరిచి ఉండాలి, సీటు కింద పెట్టెలా పేర్చి ఉంటే వద్దు.

మట్టి రోడ్ల మాట. ట్రాక్టరు గాడిలో ఒక చక్రం, మధ్య గట్టు మీద ఇంకో చక్రం పడితే ఇరుకు బండి బాగా ఒరుగుతుంది. వానాకాలంలో పల్లె దారుల్లో తిరిగేవాళ్లకి వెడల్పు బండే భద్రం. హైవే మీద లారీ దాటి వెళ్లినప్పుడు గాలి తోసేది రెండింటినీ. తేలికైన, ఇరుకైన దాన్ని ఇంకాస్త గట్టిగా.

[తెర మీద: చీర కట్టుకున్న పెద్దావిడ టాండెమ్ వెనక సీట్లోకి ఎక్కే ప్రయత్నం. మెల్లగా చూపించాలి.]

చివరిగా వెనక సీటు. ఇందాక గచ్చు మీద కాళ్లు ఎడంగా పెట్టించాం కదా, చీరతో అది కుదరదు. కుచ్చిళ్లు ముందు సీటు పట్టాల్లో చిక్కుకుంటాయి. తలుపు తెరిచినప్పుడు దారి కనీసం 60 సెంటీమీటర్లు, గడప ఎత్తు 45 లోపు ఉండాలి. పాదాలు రెండూ ఒక పక్కనే పెట్టుకునే చోటు ఉండాలి, అందుకు ముందు సీటు మధ్యలో కాకుండా కొంచెం పక్కకి ఉన్న బండి మేలు. వెనక మనిషికి మూడు చోట్ల బిగించే బెల్టు తప్పనిసరి. బ్రేకు పడితే ఆ మోకాళ్లు నేరుగా డ్రైవరు వీపు మీదికే వస్తాయి.

డాష్‌బోర్డు ఏసీ గాలిని డ్రైవరు సీటే ఆపేస్తుంది. వెనక్కి వేరే గొట్టం లేకపోతే, మే నెలలో మన సముద్రపు ఉక్కలో వెనక కూర్చున్నవాళ్లు పది నిమిషాల్లో తడిసిపోతారు. షోరూములో ఏసీ వేయించి, తలుపులు మూయించి, ఆ పది నిమిషాలూ మీరు వెనక సీట్లోనే కూర్చోండి.